డీజిల్ అక్కర్లేని నూరు బండ్లు

గాజు తలుపుల వెనక కూర్చున్న మా చిన్నోడికి,

అక్క దీవెనలు. నీ పార్శిల్ అందింది. నూరు ఫారాలు, రెండు పెన్నులు, పైన నీ చీటీ. ఫోన్ చేస్తే సరిపోయేదిగా అంటావేమో. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు "మీటింగుందక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా మధ్యలో పెట్టెయ్యలేవు, చచ్చినట్టు చివరిదాకా చదవాలి.

ముందు మీ హెడ్డాఫీసు తెలివికి ఒక దండం. "కొండలూ గుట్టలూ ఎక్కే బండి కొనేవారికి డీజిల్ ఇంజన్ కూడా దొరకడం ముఖ్యమా?" అని ఒక ప్రశ్న. కింద మూడు గళ్ళు: అవును, కాదు, కొంతవరకు. ఆ "కొంతవరకు" పెట్టిన మహానుభావుణ్ణి చక్రాల బోల్టులు కొంతవరకు బిగించిన బండిలో కూర్చోబెట్టి ఒకసారి తిప్పాలని ఉంది. కాదన్నవాళ్ళు ఎక్కువైతే కంపెనీ డీజిల్ ఆపేస్తుందనీ, డీజిల్ పోతే మా సెక్షన్ కూడా పోతుందనీ, అయినా సరే ఉన్నదున్నట్టు రాయమనీ నీ చీటీలో ఉంది. మా సెక్షన్ అంటే ఎవర్రా? నేను, చప్పుడు విని ఏ ఇంజక్టరు మొరాయిస్తోందో చెప్పగలిగే పెద్దాయన, ఇంకో ముగ్గురు. పద్దెనిమిదేళ్ళుగా డీజిల్ తప్ప మరోటి ముట్టని మనుషులం. మమ్మల్ని మేమే తూచుకోమని తక్కెడ మా చేతికిచ్చావు.

సరే, తూచాను. కొన్నవాళ్ళని అడిగి ఫారాలు నింపమన్నావు గానీ నేను వాళ్ళని అడగలేదు. నోరున్నవాడు అబద్ధం చెప్తాడు. బండ్లనే అడిగాను. పెట్రోలైనా డీజిలైనా సర్వీసింగుకి వచ్చిన ప్రతి బండినీ లిఫ్టు మీదకి ఎక్కించి, కింద నిలబడి టార్చి వేసి చూశాను. తర్వాత సీట్లో కూర్చుని గేరు పక్కనుండే చిన్న లివర్ని లాగి చూశాను. మీ ఆఫీసులో అందరికీ అదేమిటో తెలుసని నాకు నమ్మకం లేదు కాబట్టి చెప్తున్నాను. బురదలోనో నిట్టనిలువు ఎక్కుడులోనో నాలుగు చక్రాలకీ నెమ్మదిగా, గట్టిగా బలాన్నిచ్చే లివరు అది. ఆ లివరు కోసమే ఈ బండి. అది లేకపోతే ఇది కాస్త పొడుగ్గా ఎదిగిన కారు. వాడేవాళ్ళ బండిలో అది వేలితో తోస్తే కదులుతుంది. వాడనివాళ్ళ బండిలో రెండు చేతులతో లాగినా రాదు. నూరు బండ్లలో తొంభై మూడింటికి రాలేదు. పద్నాలుగింటికి ఫ్యాక్టరీలో తొడిగిన ప్లాస్టిక్ తొడుగు కూడా ఊడలేదు. ఒకాయన దానికి చలువ కళ్ళద్దాలు తగిలించుకుంటున్నాడు. మిగిలిన ఏడుగురిలో నలుగురు పొరపాటున లాగి, బండి పాడైందని గగ్గోలు పెడుతూ వచ్చినవాళ్ళు. నిజంగా వాడినవాళ్ళు ముగ్గురు. కొండే ఎక్కనివాడికి డీజిల్ ఎందుకు?

అయినా బండ్ల నిండా బురదే. ఎక్కడిదంటావా? మా వాటర్ సర్వీసు దగ్గర ఒకాయన ఉన్నాడు, బురద మేస్త్రి అంటాం. ఎర్రమట్టి తెచ్చి, రాళ్ళేరి, జల్లెడపట్టి, డ్రమ్ములో కలిపి ఉంచుతాడు. పెయింటు మీద గీత పడకూడదు కదా మరి. వారాంతంలో వచ్చినవాళ్ళకి చక్రాల పైనా తలుపుల కిందా లెక్కగా చిలకరించి పంపుతాడు. సోమవారం పొద్దున ఆఫీసు ముందు దిగుతుంటే నలుగురూ "ఎక్కడికెళ్ళొచ్చారు సార్?" అనాలి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. వీళ్ళు అడుసు తొక్కకుండానే కాళ్ళకి పూయించుకుంటున్నారు.

మొన్న ఒక పళ్ళ డాక్టరు వచ్చాడు. డీజిల్ ఇంజన్ స్టార్ట్ చేయించి, కళ్ళు మూసుకుని, "ఈ గరగర వినండి మేడమ్, ఇదీ బండంటే! పెట్రోలు బండ్లు పిల్లికూతలు కూస్తాయి" అన్నాడు. గంటసేపు నాకే డీజిల్ పాఠం చెప్పాడు. వాళ్ళావిడ పక్క సీట్లో కూర్చుని, "నాకు తలనొప్పొస్తోందండీ" అంది. అంతే, పిల్లికూత బుక్ చేసుకుని వెళ్ళాడు. పద్దెనిమిదేళ్ళ నుంచీ ఇదే చూస్తున్నాను. డీజిల్ గురించి గంట మాట్లాడినవాడూ పెట్రోలే కొంటాడు, ఏమీ మాట్లాడనివాడూ పెట్రోలే కొంటాడు. మధ్యలో పోయేది నా గంట. ఇక తోలు పట్టీ ఉన్న టోపీ పెట్టుకుని తిరిగే ఆ టైల్స్ వ్యాపారి నీకు గుర్తుండే ఉంటాడు. మేం వేటగాడు అని పేరు పెట్టాం. వెనకటికి డీజిల్ బండి కొని, ఎనిమిదేళ్ళు ఇంటికీ కొట్టుకీ మధ్య తిప్పి అమ్మేశాడు. ఇప్పుడు పెట్రోలుది తిప్పుతున్నాడు. ఆయన చూసిన అడవి షోరూమ్ గోడ మీద అంటించిన బొమ్మే.

నిన్న మధ్యాహ్నం పెద్దాయన ఫారాల కట్ట చూసి, నా పక్కన కూర్చుని నెమ్మదిగా అన్నాడు: "అమ్మాయ్, ఒక పాతిక 'అవును'లు కొట్టెయ్. ఎవడు చూడొచ్చాడు? అయిదు కుటుంబాలు."

"నన్నూ బురద మేస్త్రిని చేస్తావా?" అన్నాను.

మిగతా ముగ్గురూ నా మొహం చూడకుండా చేతులు కడుక్కుని వెళ్ళిపోయారు. నాకు మాత్రం బాధ లేదనుకున్నావా? కానీ నేను లేనిది ఉన్నట్టు రాస్తే రేపు ఏ మొహంతో వీళ్ళందరినీ వెక్కిరించను? ఉన్నదున్నట్టు రాశాను. తొంభై ఏడు "కాదు"లు. "ఇతర విషయాలు" అని ఖాళీ వదిలారు కదా, అక్కడ కూడా నింపాను. "ఈయనకి డీజిల్ కాదు, ఇంజనే అక్కర్లేదు, కవరు కప్పి ఇస్తే చాలు" అని ఒకచోట. "ఈ బండి ఎక్కిన అతి పెద్ద కొండ స్పీడ్ బ్రేకరు" అని ఇంకోచోట. చివర సెక్షన్ హెడ్డుగా సంతకం పెట్టి, "డీజిల్ ఉన్నా లేకపోయినా ఈ కొనుగోలుదారులకి ఒకటే" అని రాసి ముద్ర వేశాను. ఈ ఉత్తరంతోపాటే పంపుతున్నాను. మా కొమ్మ మేమే నరుక్కున్నాం, ఇక మీ ఇష్టం.

వేళకి తిను. ఆ గాజు గదిలో చలికి ముక్కు పట్టేస్తుంది, జాగ్రత్త.

ఇట్లు,
నీ నోటిదురుసు అక్క


చిన్నోడా,

నా రిపోర్టు ఆపు. ఈ ఉత్తరం చదవడం అయ్యాక కాదు, ఇప్పుడే లేచి వెళ్ళి, అది ఏ బల్ల మీదుంటే ఆ బల్ల మీంచి తీసి నీ సొరుగులో పెట్టి, వచ్చి మిగతాది చదువు.

పెట్టావా? ఇప్పుడు విను. పోయిన వారం సెక్షన్‌కి ఒక ఫోనొచ్చింది. ఎవరో పశువుల డాక్టరమ్మ. డీజిల్ బండి వాగు దాటుతుంటే ఆగిపోయిందట. తలుపు పక్కన పాత స్టిక్కరు మీదున్న నంబరు చూసి చేసింది. బండి వయసు పదకొండేళ్ళు. మన రూలు నీకు తెలుసుగా, ఏడేళ్ళు దాటిన బండిని కంపెనీ వర్క్‌షాపు గేటు లోపలికి రానివ్వం. మేనేజరు కుదరదని చెప్పెయ్యమన్నాడు. మర్నాడు నాకు సెలవు. పద్దెనిమిదేళ్ళుగా ఈ బండ్లు బాగుచేస్తూ ఒక్కటైనా వాగులో తడవడం చూడలేదు, ఆ వింతేదో చూద్దామని పెద్దాయన్ని వెంటేసుకుని బయల్దేరాను. జాలిపడి వెళ్ళానని మాత్రం అనుకోకు.

తారు రోడ్డు అయిపోయింది. కంకర రోడ్డు అయిపోయింది. తర్వాత చక్రాలు చేసిన రెండు చాళ్ళు, మధ్యలో గడ్డి. కంపెనీ వాళ్ళు నాకిచ్చింది పెట్రోలు కారు. దాన్ని సగం దారిలో వదిలేసి నడిచాం. వాగు ఒడ్డుకి లాగించిన బండి, దాని బానెట్ మీద ఆవిడ, పక్కన ఆరబెట్టిన రబ్బరు బూట్లు. వెనక సీటు పీకేసి అక్కడ గడ్డి పరిచి దూడని కట్టేసింది. కాలు విరిగిన దూడ, రాత్రంతా ఆవిడతో అక్కడే ఉందట. ఫిల్టర్లో నీళ్ళు చేరాయి, అంతే. నీళ్ళు వంచేసి, చేత్తో పంపు కొట్టి గాలి తీసేశాం. పావుగంట పని. ఆ పావుగంటా దూడ పెద్దాయన చొక్కా నాకుతూనే ఉంది.

"మీ కంపెనీ నుంచి వస్తారనుకోలేదమ్మా," అంది డాక్టరమ్మ. "ఇదివరకు మూడుసార్లు చేశాను. మూడుసార్లూ 'బండి వయసెంత' అనడిగారే గానీ 'ఏమైంది' అని ఒక్కళ్ళూ అడగలేదు."

"ఇంత పాతది ఎందుకు, ఓ పెట్రోలుది తీసుకోవచ్చుగా?" అన్నాను. నా గొంతులో వెటకారం నాకే వినబడింది.

"తీసుకోవచ్చు. బంకు ఎంత దూరంలో ఉందో వస్తూ చూశారుగా. ఇందులో ఒకసారి నింపితే వారం తిరుగుతాను, ఇంకో వారానికి డబ్బాల్లో పెట్టుకుంటాను. ఆ డబ్బాల్లో పెట్రోలు పోసుకుని, వెనక దూడనేసుకుని, ఈ ఎండలో వెళ్దాం అంటే మీరు నా పక్కన కూర్చుంటారా?"

ఆవిడ అవతలి దిగుడు చూపించింది. చూస్తేనే నాకు కళ్ళు తిరిగాయి. "అక్కడ బ్రేకు తొక్కితే జారతాం. లో గేర్లో వేసి కాలు తీసేస్తా. ఇంజనే పట్టుకుని, ముసలావిడ మెట్లు దిగినట్టు దింపుతుంది. దూడ లేచి నిలబడినా పడిపోదు."

"అయితే కొత్త డీజిలే కొనుక్కోవచ్చుగా?"

ఆవిడ పెద్దగా నవ్వింది. "నాకు ఫీజిచ్చేది గేదెలమ్మా!"

స్టార్ట్ చేద్దామని లోపల కూర్చుని చిన్న లివరు మీద చెయ్యి వేశాను. పైనున్న నల్ల పూతంతా అరిగిపోయి లోపలి ఇనుము తెల్లగా మెరుస్తోంది. వేలితో తోస్తే పడింది. సీటు కింద సర్వీసు చీటీ ఇంకా వేలాడుతోంది. దాని మీద నా చేతిరాత. ఎవరి బండనుకున్నావు? వేటగాడిది. ఎనిమిదేళ్ళు ఇంటికీ కొట్టుకీ తిప్పి అమ్మాడని నీకు రాశానే, అదే. మధ్యలో ఇంకొకరి చేతులు మారి ఈవిడ దగ్గరికి వచ్చింది. ఇంజన్ చప్పుడు విని పెద్దాయన, "కొత్తదానిలా ఉందమ్మాయ్" అన్నాడు. ఎందుకుండదు? వేటగాడు దాన్ని ఏం కష్టపెట్టాడు కనక?

ఆ పై ఊళ్ళో నాకు పదకొండు బండ్లు కనబడ్డాయి. అన్నీ డీజిలే, అన్నీ మూడో చేతివో నాలుగో చేతివో. బావులు తవ్వేవాళ్ళది ఒకటి, కరెంటు స్తంభాలు వేసేవాళ్ళవి రెండు, పురుళ్ళకి మనుషుల్ని కిందికి చేర్చేది ఒకటి. వీటిలో ఒక్కటీ నా నూరు ఫారాల్లో లేదు. ఎలా ఉంటుంది? కొత్త బండి కొనేవాడికి డీజిల్ అవసరం లేదు. డీజిల్ అవసరమైనవాడు కొత్త బండి కొనలేడు. ఇవాళ షోరూమ్‌లో ఎవడో టోపీ పెట్టుకుని డీజిల్ కొని దాన్ని వాడకుండా పాడు పెడితేనే పదేళ్ళ తర్వాత వీళ్ళకి ఒక బండి దొరుకుతుంది. మా గేటు లోపలికి వచ్చినవాటినే లోకమనుకుని లెక్కపెట్టి, ముద్ర వేసి పంపించాను. పద్దెనిమిదేళ్ళ అనుభవం! తగలెయ్యనా?

ఇంకో మాట కూడా చెప్పాలి. ఏడాదిగా గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. పోయిన ఏడాది మీ డైరెక్టర్లతో కలిసి మా వర్క్‌షాపు చూడటానికి వచ్చావు. నేను లిఫ్టు కింద నుంచి బయటికొచ్చాను. నువ్వు "ఈవిడ ఇక్కడి సర్వీస్ మేడమ్" అని వాళ్ళకి చెప్పి, నాకు చెయ్యి అందించి, తర్వాత జేబురుమాలు తీసి ఆ చెయ్యి తుడుచుకున్నావు. నేను చూడలేదనుకున్నావు. ఈ నా చెయ్యి పట్టుకునే సైకిలు నేర్చుకున్నావురా నువ్వు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. నిన్ను ఒక్క మాట అనలేదు, అనలేక ఊరుకున్నాను. నువ్వు ఫారాలు పంపినప్పుడు ఆ ఉక్రోషమంతా బయటికొచ్చింది. ఇస్త్రీ చొక్కా కనబడితే చాలు, నువ్వే కనబడ్డావు. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు నిన్ను తిట్టలేక ఆ నూరుమందినీ తిట్టాను. కక్షతో లెక్కపెట్టినవాళ్ళకి కావలసిన లెక్కే వస్తుంది. నాకూ అంతే అయింది.

కొత్త రిపోర్టు పంపుతున్నాను. ఇందులో వెక్కిరింపులు లేవు. రెండో చేతివాళ్ళనీ మూడో చేతివాళ్ళనీ కలిసి అడిగేదాకా డీజిల్ విషయం తేల్చొద్దని రాశాను. పాతది చించేసి ఇది పెట్టు. మా ఐదుగురి కోసం కాదు. మేం ఎక్కడో ఒకచోట రెంచీ పట్టుకుని బతుకుతాం. ఆ పై ఊరివాళ్ళు పదేళ్ళ తర్వాత ఏం ఎక్కి దిగుతారో ఆలోచించు.

నీ సమాధానం కోసం చూస్తూ,
అక్క


అక్కకి,

నీ రెండో ఉత్తరం వచ్చి పంతొమ్మిది రోజులైంది. రోజూ రాద్దామని కూర్చుని లేస్తున్నాను. రిపోర్టు ఆపలేకపోయాను. నిజం చెప్పాలంటే, ఆపడానికి అక్కడేమీ లేదు.

డీజిల్ ఆపెయ్యాలని నీకు ఫారాలు పంపడానికి నాలుగు నెలల ముందే తేలిపోయింది. ఇంజన్ ఫ్యాక్టరీ స్థలం ఇంకొకరికి ఇచ్చేశారు కూడా. కాకపోతే అందుకు ఒక కారణం కాగితం మీద ఉండాలన్నారు. ఎవరిచేత రాయిద్దామన్న మాటొచ్చింది. నీ పేరు చెప్పింది నేనే. డీజిల్ సెక్షన్ హెడ్డే డీజిల్ అక్కర్లేదని రాస్తే ఇంకెవరూ నోరెత్తరు అన్నాను. నువ్వేం రాస్తావో నాకు ముందే తెలుసు. షోరూమ్‌కి వచ్చేవాళ్ళని నువ్వు తిట్టే తిట్లు వింటూనే కదా నేను పెరిగాను. ఉన్నదున్నట్టు రాయమని చీటీలో రాస్తే నువ్వు మరీ పట్టుదలగా రాస్తావనీ తెలుసు. ఈ గాజు గది నాకు ఆ తర్వాతే ఇచ్చారు.

ఇప్పుడు కథ అడ్డం తిరిగింది. డీజిల్ ఆపుతున్నామని ప్రకటించిన దగ్గర్నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నువ్వు రాసిన ఆ పళ్ళ డాక్టరుతో సహా బుక్ చేసుకున్నవాళ్ళు బుకింగులు మానుకుంటున్నారు. పెట్రోలు బండి బుక్ చేసినవాళ్ళు, డీజిల్ లేని కంపెనీ అదేం కంపెనీ అని మానుకుంటున్నారక్కా! డైరెక్టర్లు ఇప్పుడు, డీజిల్ అక్కర్లేదన్నది ఎవరని వెతుకుతున్నారు. నీ సంతకం ఉంది. నువ్వు రాసిన వెక్కిరింపులు మొదట చదువుకుని పడీ పడీ నవ్వారు. ఇప్పుడు అవే చూపించి, కొనుగోలుదారుల మీద కక్షతో తప్పుడు రిపోర్టు ఇచ్చావంటున్నారు. వచ్చే గురువారం విచారణ. నిన్ను తీసేస్తారు. మిగతా నలుగురినీ కూడా.

నాలుగు నెలల ముందు జరిగిన మీటింగు కాగితాలు నా సొరుగులో ఉన్నాయి. అవి బయటపెడితే నీ మీద పడ్డ మాట పోతుంది. నా ఉద్యోగం పోతుంది. నిద్ర పట్టడం లేదు. నువ్వు చెప్పమంటే చెప్పేస్తాను. వద్దంటే ఊరుకుంటాను. నువ్వేమంటే అదే.

ఆ రోజు చెయ్యి తుడుచుకున్నది గ్రీజు అంటిందని కాదు. నిన్ను అక్కా అని పిలవాలో వద్దో తెలియక అరచెయ్యంతా చెమట పట్టేసింది. ఇది నువ్వు నమ్మవు.

నీ
తమ్ముడు


ఒరేయ్ చిన్నోడా,

నమ్ముతాను. చెమట మాట నమ్ముతాను. చిన్నప్పుడు కూడా అబద్ధం చెప్పబోయే ముందు నీ అరచేతులు తడిసేవి.

ముందు నా సంగతి వినేయ్. నన్ను తీసెయ్యడానికి మీ డైరెక్టర్లు విచారణలు పెట్టుకోనక్కర్లేదు. ఈ పొద్దునే రాజీనామా రాసి మేనేజరు బల్ల మీద పడేశాను. పెద్దాయన కూడా రాశాడు. మిగతా ముగ్గురూ ఆలోచించుకుంటామన్నారు, ఆలోచించుకోనీ. డాక్టరమ్మ వాళ్ళ పాత పశువుల కొట్టం ఒకటి, కంకర రోడ్డు మొదట్లో, ఖాళీగా ఉందట. ఏడేళ్ళు దాటిన బండ్లన్నీ ఇక అక్కడికి రావచ్చు. వయసు అడగం. ఇదేదో త్యాగమని మురిసిపోకు. మీ కంపెనీ డీజిల్ బండి చెయ్యడం మానేసింది గానీ, ఉన్నవి చచ్చిపోలేదు కదా. వాటి దగ్గర కూర్చునే మనిషి కావాలి, మాకు వచ్చిన పని అదొక్కటే.

మొన్న శనివారం వర్క్‌షాపులో నా ఆఖరి రోజు. ఎవడొచ్చాడనుకున్నావు? వేటగాడు. టోపీతో సహా. మొహం జేవురించి ఉంది.

"డీజిల్ ఆపేస్తారా మేడమ్? ఇంక అడవికి ఎలా వెళ్తాం?"

"ఇదివరకు ఎలా వెళ్ళారు సార్?" అన్నాను.

పక్కనున్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. బట్టతల మీద టోపీ గీత ఎర్రగా కనబడింది. "వెళ్ళలేదనుకోండి," అన్నాడు. "పొద్దున ఎనిమిదింటికి కొట్టు తెరిస్తే మళ్ళీ రాత్రి తొమ్మిదికి మూస్తాను. ఎక్కడికెళ్ళను? కానీ ఏదో ఒక రోజు వెళ్దామనుకుంటే వెళ్ళగలిగే బండి ఇంటి ముందుందన్న ధైర్యం ఒకటుంటుంది కదా మేడమ్. అదీ తీసేస్తే ఎలా?"

మీ ఫారంలో గడి పెట్టాల్సింది దీనికిరా. డీజిల్ ఎవరు వాడతారన్నది ఒక ప్రశ్న, ఎవరికి అది ఉండాలన్నది వేరే ప్రశ్న. మీకు మొదటిది కూడా తెలియదు, నాకు రెండోది తెలియదు. అందరం కలిసి నూరు కాగితాలు ఖరాబు చేశాం. ఆయనకి ఆయన పాత బండి సంగతి చెప్పాను. దూడల్ని మోస్తోందని, వాగులు దాటుతోందని చెప్పాను. "నిజంగానా? నా బండేనా?" అని మూడుసార్లు అడిగాడు. దారి చెప్పమన్నాడు. చెప్పాను. వెళ్తాడో వెళ్ళడో, నేనైతే పందెం కాయను.

ఇక నీ సంగతి. నువ్వు నాచేత అబద్ధం రాయించావని ఏడుస్తున్నావు. లేదురా, నువ్వు రాయించలేదు. నేను చూసింది చూసినట్టే రాశాను, చూడాల్సిన చోట చూడలేదు, అది నా గుడ్డితనం. మనుషుల్ని చీదరించుకోవడం నాకు సరదా. ఆ సరదా కొద్దీ నీకు కావలసిన కాగితం నేనే నింపి, ముద్ర కూడా వేసి, పోస్టు ఖర్చు పెట్టుకుని మరీ పంపాను. దానికి శిక్ష నాదే, నీకు వాటా ఇవ్వను. నాకు మంట దానికి కాదు. నా సంతకం కోసం నన్ను వాడుకున్నావు, సరే. ఇప్పుడు నీ ధైర్యానికి కూడా నా సంతకమే కావాలా? "చెప్పమంటే చెప్తాను, వద్దంటే ఊరుకుంటాను" అట! అంటే చెప్తే అక్క చెప్పమంది, ఊరుకుంటే అక్క ఊరుకోమంది. రెండు వైపులా తలుపు నాచేతే తీయిస్తున్నావు. మీ ఆఫీసులో నేర్చుకున్న "కొంతవరకు" ఇదేనన్నమాట. డైరెక్టర్లని చూస్తే నాకు అసహ్యం కూడా వెయ్యదు, వాళ్ళు ఎవరో. నువ్వు నేను ఎత్తుకుని తిప్పినవాడివి. నిన్ను ఇలా చూడటం నా వల్ల కావడం లేదు.

కాబట్టి నేను ఏమీ అనను. చెప్పమనీ అనను, వద్దనీ అనను. నువ్వు చెప్పినా నేను ఆ ఉద్యోగంలోకి తిరిగి వెళ్ళను, చెప్పకపోయినా కొట్టంలో నా బతుకు నాకుంది. నన్ను కాపాడటానికి అని నీకు నువ్వు చెప్పుకునే వీలు కూడా లేకుండా, రాజీనామా ముందే ఇచ్చేశాను.

ఇవాళ సోమవారం. ఈ ఉత్తరాన్ని కావాలనే మామూలు పోస్టులో వేస్తున్నాను, కాబట్టి గురువారం దాటాకే నీ చేతికొస్తుంది. నా జవాబు కోసం ఆగకుండా ఆ రోజు నువ్వే లేచి నోరు విప్పి ఉంటే, దీన్ని చించి పారెయ్యి, ఇందులో ఉన్నవాడు నువ్వు కాదు. ఆగి ఉంటే మాత్రం, దాచుకో.

అక్క